ముందు చక్రాలకు మూడువందల పదిహేను

ఆ కంటి డాక్టరు ఆరవసారి టైర్ల దుకాణంలో అడుగుపెట్టినప్పుడు, యజమాని కూతురు బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిరుగుతున్న చక్రాన్ని ఆపి, సహనం ప్రసాదించమని ఏ దేవుణ్ణి అడగాలో తేలక, చేతులు గుడ్డకు తుడుచుకుంది.

ఆయన కారు బరువు పంతొమ్మిది వందల కిలోలు. ఆయన సందేహాల బరువు తూచగల కాటా ఇంకా తయారుకాలేదు. ఆదివారం రేసు ట్రాకు మీద ఎవరి సొంత కారు వాళ్ళు తోలుకునే రోజు. ఆ దండయాత్రకు ఎంత వెడల్పు టైర్లతో తరలివెళ్ళాలన్నది మూడు వారాలుగా ఆయన్ని పట్టి పీడిస్తున్న ప్రశ్న. నాలుగింటిలోగా ఆర్డరు పెడితేనే అవి శనివారానికి చేరతాయి. ఇప్పుడు మూడూ ముప్పావు.

సాయంత్రంలోగా ఆ అమ్మాయి కూడా ఒక జవాబు చెప్పాలి. మేనత్త తెచ్చిన సంబంధం. అబ్బాయిలో వంక పెట్టడానికేమీ లేదు. వద్దనడానికి ఆమెకున్న కారణం ఒక్కటే. ఆ కారణం ఎదురుగా నిలబడి నోటుబుక్కు తెరుస్తోంది. అది కారణమన్న సంగతి దానికి తెలిసినట్టు లేదు.

"ముందు చక్రాలకు కూడా మూడువందల పదిహేనే వేద్దామండీ," అన్నాడు డాక్టరు, సంధి షరతులు ప్రకటించే చక్రవర్తి గాంభీర్యంతో.

"మొన్న రెండువందల డెబ్భైఅయిదు మిల్లీమీటర్లు చాలన్నారు."

"అది కంపెనీ ఇచ్చిన వెడల్పు. బరువంతా ముందే ఉంది కదా, మలుపులో స్టీరింగు ఎంత తిప్పినా కారు ముక్కు తిన్నగానే పోతోంది. వెనకవెలాగూ మూడువందల పదిహేనే. నాలుగూ ఒకటైతే, అరిగినప్పుడు అటువి ఇటు మార్చుకోవచ్చు కూడా."

"మడ్‌గార్డు లోపల పడుతుందా?"

"భలేవారే. ఇంకా ఇరవైరెండు మిల్లీమీటర్లు ఖాళీ మిగులుతుంది. మూడుసార్లు కొలిచాను."

ఆమె నోటుబుక్కు లాక్కుని చూసింది. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. పక్కన రెండు రంగుల్లో బొమ్మ.

"కొలిచినప్పుడు కారెక్కడుంది?"

"జాకీ మీద."

"అంటే చక్రం గాల్లో వేలాడుతోంది."

"కిందికి దింపితే టేపు లోపలికి వెళ్ళలేదండీ."

"టేపు వెళ్ళని చోటికి టైరెలా వెళుతుందండీ?"

అంత బరువైన రథం నేలకు దిగితే స్ప్రింగులు అణిగి మడ్‌గార్డు చక్రం మీదికి వాలుతుందనీ, స్టీరింగు తిప్పగానే టైరు దానికి రాసుకుంటుందనీ ఆ మహామేధావికి ఇప్పుడు బోధపడింది.

"రెండువందల తొంభైఅయిదని మొదటిసారే చెప్పాను. రెండోసారి కాగితం మీద రాసిచ్చాను."

"పర్సులోనే ఉంది."

"మరి తర్వాత నాలుగుసార్లు ఎందుకొచ్చారు?"

"నిర్ధారించుకుందామని."

"మీ ఆసుపత్రి కిందే టైర్ల షాపుంది. అక్కడ నిర్ధారించుకోవచ్చుగా. ఊరికి ఈ చివర దాకా ఎందుకు?"

"అడిగానండీ. రెండు నిమిషాల్లో చెప్పేశారు, రెండువందల తొంభైఅయిదని."

"నమ్మకం కుదరలేదా?"

"కుదిరింది. బయటికొచ్చాకే ఎందుకో దిగులేసింది. ఇక ఇక్కడికి రావడానికి పనేముంటుందీ అని..."

అక్కడ ఆగాడు. జనం కళ్ళలోకి దీపం వేసి చూడటమే వృత్తిగా గల మనిషి, తన వాక్యంలోకి తొలిసారి తొంగిచూశాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. మూడు వారాలు.

"నాకొక సంబంధం వచ్చిందండీ. సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. మీరిది కూడా జాకీ మీద పెట్టి కొలుస్తూ కూర్చుంటే నాకు కుదరదు."

"కాదని చెప్పండి," అన్నాడు. ఆ మాట ఎవరన్నారా అని పక్కకు చూసి, తనేనని తేల్చుకున్నాడు. "కాదనే చెప్పండి. మీ నాన్నగారితో నేను మాట్లాడతాను. ఇప్పుడే."

మాట్లాడవలసిన అవసరం రాలేదు. పక్కనే నాన్న కూర్చునే అద్దాల గది తలుపు తీసే ఉంది. నాన్న బయటికొచ్చి, వాడిన టైరులో పగుళ్ళు వెతికే చూపుతో డాక్టరును పైనుంచి కిందికి పరీక్షించాడు.

"అమ్మాయి కోసమే చెప్పులు అరిగేలా తిరుగుతున్నాడని మా పనివాళ్ళంతా అంటుంటే, నిజంగా టైర్లకే వస్తున్నాడేమోనని నేనొక్కణ్ణే భయపడ్డాను బాబూ," అని ఫోను తీశాడు. "అక్కా, ఆ సంబంధం వద్దులే... ఇంకొకరున్నారు. కంటి డాక్టరు... మంచివాడే. చూపే కాస్త ఆలస్యం."

గడియారంలో నాలుగుకు పది నిమిషాలుంది.

"ఒక్క మాట," అన్నాడు డాక్టరు.

"రెండువందల ఎనభైఅయిదంటే ఊరుకోను."

"అది కాదండీ. ఆదివారం మీరూ వస్తారా అని."

"రాక? టైర్లు వేడెక్కినకొద్దీ లోపల గాలి పెరుగుతుంది, రౌండు రౌండుకీ చూసి తగ్గించాలి. మీకు వదిలేస్తే తగ్గించాలా వద్దా అని సూర్యాస్తమయం దాకా ఆలోచిస్తారు."

ఆమె గోడౌనుకు ఫోను కలిపింది.

"ముందుకు రెండువందల తొంభైఅయిదు, వెనక్కి మూడువందల పదిహేను, రెండేసి. శనివారం పొద్దున్నకల్లా కావాలి... మళ్ళీ మారవండీ, ఒట్టు... ఆ నసపెట్టే కస్టమరా? కాదు, కాదు. మనింటి కారే."