ఆకు వెనక గారెలు

నూకాలమ్మ కంద మొక్కను రెండు చేతులతో పైకెత్తగానే పెద్ద మొక్క ఒక చేతిలోకి, పిలక ఒక చేతిలోకి విడిపోయి వచ్చేశాయి!

ఆవిడ "అయ్యో తల్లీ... పోలేరమ్మ తల్లీ..." అంటూ కుర్చీలో కూలబడిపోయింది. అరుగు మీద ముగ్గు వేస్తున్న కోడలు శాంతి చేతిలోంచి ముగ్గుపిండి కాస్తా నేలపాలైంది. ఆ మొక్కను తెల్లారుతూనే పెరట్లోంచి తవ్వి తెచ్చిన కొడుకు వీరబాబు, కాళ్లు కడుక్కుంటున్నవాడల్లా చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఈ నోము సంగతి తెలియనివాళ్లు, ఓ దుంప మొక్కకి ఇంత గొడవేమిటనుకుంటారు. అనుకోనివ్వండి! కోనసీమలో శ్రావణమాసం చివర వచ్చే అమావాస్యనాడు పిల్లల తల్లులందరూ పోలేరమ్మని కొలుస్తారు. దీన్నే పోలాల అమావాస్య అంటారు. గుడికి వెళ్లక్కర్లేదు, విగ్రహం అక్కర్లేదు. కొబ్బరిచెట్ల కింద పెరిగే కంద మొక్కే ఆ పూటకి అమ్మవారు. అదైనా ఏ మొక్క పడితే ఆ మొక్క పనికిరాదు, పక్కన పిలక ఉన్నదే కావాలి. అమ్మవారు పిల్లతల్లి కదా మరి! పసుపుకొమ్ము కట్టిన తోరం ఒకటి మొక్కకి కట్టి, అలాంటిదే తల్లి తనకొకటి, బిడ్డకొకటి కడుతుంది. మగపిల్లాడి పేరున బూరెలు, ఆడపిల్ల పేరున గారెలు నైవేద్యం పెడతారు. ఇద్దరూ ఉన్న తల్లికి ఆ రోజు పొయ్యి దగ్గరే తెల్లారుతుంది. అలాంటి పండగ పొద్దున్న తల్లీపిల్లా విడిపోతే ఏ ఇంట్లోనైనా ఏడుపులే.

పైగా ఆ ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క పిల్ల సాయిదుర్గ మర్నాడే కాకినాడ బయల్దేరుతోంది. నర్సింగులో సీటొచ్చింది. కొత్తపేట చుట్టుపక్కల చుట్టాలందరికీ నూకాలమ్మే ఫోన్లు చేసి చెప్పుకుంది, నా మనవరాలు నర్సమ్మ కాబోతోందని. ఇప్పుడా నూకాలమ్మే కళ్లు తుడుచుకుంటూ, పిల్ల రేపు గడప దాటడానికి వీల్లేదు అనేసింది.

తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చిన సాయిదుర్గ ముందు నవ్వింది. మొక్క ఊడితే నా చదువేం చేసింది మామ్మా అంది. రేపు చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారని చెప్పింది. వీరబాబు వేరే మొక్క తెస్తానన్నాడు. ఆవిడ ఒక్కటీ వినలేదు. "అమ్మవారు చెప్పాల్సింది చెప్పేసిందిరా. తల్లిలేని పిల్ల... దాన్ని ఏ ధైర్యంతో ఊరు దాటించను?" అంది. అంతటితో సాయిదుర్గ నవ్వు ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని తల్లి వైపు చూసింది.

తల్లి అంటే శాంతే. కన్నది మాత్రం శాంతి కాదు.

కన్నతల్లి శ్రీవాణి విషజ్వరంతో పోయేనాటికి సాయిదుర్గకి మాటలు కూడా సరిగ్గా రాలేదు. ఏడాది తిరిగాక శాంతి ఆ ఇంటికి రెండో పెళ్లి కోడలిగా వచ్చింది. పెళ్లైన మర్నాడే ఆ పసిది కొత్త చీర కుచ్చిళ్లు పట్టుకుని వంటింట్లోకి వెంటబడి వచ్చింది. ఇక ఆ చీర వదిలితే ఒట్టు! జ్వరమొస్తే శాంతి ఒళ్లోనే పడుకునేది, బడిలో ఎవరైనా కొడితే శాంతికే వచ్చి చెప్పుకునేది. శాంతికి కడుపు పండలేదు. ఒకసారి కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. దానికి ఆమె ఎంత ఏడ్చిందో ఆ దేవుడికే తెలుసు గానీ, ఏడ్చిన మొహంతో పిల్లకి అన్నం పెట్టిన రోజు ఒక్కటీ లేదు.

నూకాలమ్మ చెడ్డ అత్తగారేం కాదు. బీరువా తాళాలిచ్చింది, తన కాసులపేరు తీసి కోడలి మెడలో వేసింది. పోలాల అమావాస్యనాటి పీట మాత్రం ఇవ్వలేదు! "కన్నవాళ్లు పట్టాల్సిన నోమమ్మా ఇది. తేడా వస్తే పిల్లకి తగులుతుంది" అని మొదటి ఏడాదే మెత్తగా చెప్పేసింది. కొడుక్కీ మనవరాలికీ కలిపి ఏటా తనే కూర్చునేది. ఇల్లు కడగడం దగ్గర్నుంచి బూరెలు వేయించడం దాకా అన్నీ చేసి, కథ చెప్పుకునే వేళకి శాంతి గుమ్మం పక్కన నిలబడేది. బూరెలు ఆవిడ కొడుకు పేరున నైవేద్యానికి వెళ్లిపోయేవి. గారెల ఊసు ఆవిడ ఎత్తేది కాదు. అయినా శాంతి ఏటా ఓ గిన్నెడు మినప్పప్పు నానబోసేది. ఎందుకని అడిగితే, మధ్యాహ్నం తినడానికండీ, పిల్లకిష్టం అనేది. ఆ గారెల మీద మూత వేసి వంటింటి గట్టుమీద ఉంచి, అక్కడినుంచే పోలేరమ్మకి దణ్ణం పెట్టుకునేది. అదే ఆమె నోము.

ఈ ఏడు నూకాలమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయింది. కింద కూర్చోవడానికి లేదు. శాంతి మనసులో చిన్న ఆశ పుట్టింది... పిల్ల ఊరు వెళ్లేలోపు ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన చేత్తో తోరం కట్టనిస్తారేమో అని. కానీ ఆవిడ పీట మీద కూర్చోవడానికి పక్కింటి సత్యవతిని మాట్లాడేసింది. నలుగురు పిల్లల తల్లి, ఆవిడైతే మంచిది అంది. శాంతి అలాగేనండి అని పప్పు రుబ్బుకోవడానికి వెళ్లిపోయింది. రుబ్బుతూ ఏడ్చిందా అంటే, ఏడ్చింది!

ఇప్పుడు కూతురి కళ్లల్లో నీళ్లు చూశాక శాంతి ఊరుకోలేకపోయింది. ఇంతకాలం దాచిన మాట చెబితే అత్తగారు ఏమనుకుంటారో అని భయం వేసింది. చెప్పకపోతే పిల్ల చదువు అటకెక్కుతుంది.

"అత్తయ్యగారూ... అది విరగలేదండి. అసలు అది ఆ మొక్క పిలక కాదండి" అంది.

నూకాలమ్మ అర్థంకానట్టు చూసింది. శాంతి దగ్గరికొచ్చి రెండు మొక్కల్నీ బకెట్ నీళ్లలో ముంచి మట్టి కడిగి చూపించింది. పెద్ద దుంపకి ఎక్కడా విరిగిన మచ్చ లేదు. చిన్నదానికి ఉసిరికాయంత దుంప దానికే వేరుగా ఉంది. వేళ్లు మాత్రం ఒకదాన్నొకటి చుట్టుకుని పెరిగాయి. తెల్లారకముందు టార్చిలైటు వెలుగులో వీరబాబు అది పిలకే అనుకుని రెండూ కలిపి తవ్వేశాడు.

"మరి ఇదెక్కడిదే?"

"శ్రీవాణక్కదండి" అంది శాంతి. ఆ ఇంట్లో ఆ పేరు పైకి అనడం ఎన్నాళ్లయిందో! "నూతిగట్టు పక్కన అక్క పెట్టిన కంద ఉండేది కదండి. నిరుడు గట్టుకి సిమెంటు చేయించినప్పుడు పనివాళ్లు పీకి పారేసేరు. పెద్ద దుంప చితికిపోయింది. దాని పక్కన ఈ పిల్లదుంప ఒక్కటీ మిగిలిందండి. అక్క చేత్తో పెట్టింది, పోనివ్వకూడదనిపించింది. తెచ్చి నా కంద పక్కన పెట్టేను. పెద్దాకు నీడ ఉంటే బతుకుతుందేమో అని... బతికిందండి. మీకు చెబితే అక్క గుర్తొచ్చి బాధపడతారని చెప్పలేదు."

నూకాలమ్మ ఆ పిలకని అరచేతిలో పెట్టుకుని చూసింది. తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ మనవరాల్ని చూసింది. ఎప్పుడు పట్టుకుందో గానీ, సాయిదుర్గ చేతిలో శాంతి చీరచెంగు ఉంది. అంత పెద్దదైనా ఆ అలవాటు పోలేదు. ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత గట్టిగా ముక్కు చీది, ఎప్పటి నూకాలమ్మ అయిపోయింది.

"ఒరే వీరబాబూ, సత్యవతికి చెప్పి రా. వాయనం పుచ్చుకోవడానికి వస్తే చాలు. పీట మీద పిల్లతల్లి కూర్చుంటుంది."

"ఎవరండీ?" అంది శాంతి, నిజంగానే తెలియక!

సాయిదుర్గ పకపకా నవ్వింది. నువ్వేనమ్మా, ఇంకెవరు అంటూ తల్లి భుజాలు పట్టుకుని లోపలికి తోసుకుపోయింది. వెళ్తున్న కోడలికి వినబడేలా నూకాలమ్మ ఆ పసుపుపచ్చ పట్టుచీర కట్టుకోమని కేకేసింది. పిల్ల ప్రయాణం సంగతి వీరబాబు నసుగుతూ అడిగితే, రేపు పొద్దున్న దానికి శాంతే ఎదురొస్తుంది, నువ్వు ఆటో మాట్లాడు అంది. వాడు ఆ చెంబు పట్టుకునే వీధిలోకి పరిగెత్తాడు!

ఆ తర్వాత ఆ ఇంట్లో సందడి చూడాలి. కొత్త కుండలో మట్టి పోసి శాంతి రెండు మొక్కల్నీ కలిపి నాటింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, తోరం కట్టింది. పీట మీద కూర్చున్నాక మాత్రం, ఇన్నేళ్లు గుమ్మం పక్కన నిలబడి విన్నదంతా ఒక్కసారిగా మర్చిపోయింది. కుర్చీలో కూర్చుని నూకాలమ్మ కథ చెప్పింది. ఏటా ఆ అమావాస్యనాడే బిడ్డని పోగొట్టుకుంటున్న ఓ ఇల్లాలికి పోలేరమ్మ ముసలిదాని రూపంలో ఎదురై, నీ పిల్లల్ని పేరు పెట్టి పిలవమందట. పిలిస్తే అందరూ లేచొచ్చి అమ్మా అన్నారట. అందుకే నూకాలమ్మ ఇంట్లో కథ చివర తల్లి బిడ్డని పిలవాలి, బిడ్డ పలకాలి.

ఇక పిలవడం శాంతి వంతు. రోజంతా వంటింట్లోంచి దుర్గా, దుర్గా అని వీధి చివరికి వినబడేలా అరిచే మనిషికి ఆ పేరు నోట రాలేదు. ఒకసారి ప్రయత్నించింది... లాభం లేదు. రెండోసారి ఎలాగో, "సాయిదుర్గా..." అంది.

"ఆయ్! వచ్చేనమ్మా" అంది ఆ పిల్ల.

వీరబాబు మొహం పక్కకి తిప్పుకున్నాడు. శాంతి కూతురి చేతికి తోరం కట్టింది. మొదటిసారి ముడి సరిగ్గా పడలేదు. ఇలా కడితే హాస్టల్‌కి చేరేలోపు ఊడిపోతుందని సాయిదుర్గ ఆటపట్టించింది. రెండోసారి కట్టిన ముడి ఎంత గట్టిగా పడిందంటే ఆ పిల్ల అబ్బా అంది!

ఇక నైవేద్యం. అరిటాకులో బూరెలు పెట్టి, శాంతి గారెల పళ్లెం తెచ్చి అత్తగారికి అందించింది. నూకాలమ్మ అందులోంచి రెండు తీసింది. తీసి, అటూ ఇటూ చూసి, గబుక్కున కంద ఆకు వెనక పెట్టేసింది.

"మామ్మా!" అంది సాయిదుర్గ. "అదేంటి, దొంగతనంగా పెడుతున్నావు?"

ఆవిడ ఉలిక్కిపడింది. దొరికిపోయిన చిన్నపిల్లలా నవ్వింది.

"అలవాటు చొప్పున పెట్టేసేనే. ఇన్నేళ్లూ ఇలాగే కదా..." కోడలి వైపు తిరిగింది. "పిల్ల కోసం నువ్వు చేసిన గారెలు ఎదురుగా పెడితే నువ్వు నోము పట్టినట్టవుతుందని భయం. అస్సలు పెట్టకపోతే పిల్లకేమవుతుందోనని అంతకంటే భయం. నువ్వు పెరట్లోకి వెళ్లినప్పుడు వంటింట్లోంచి రెండు గారెలు తెచ్చి ఆకు వెనక పెట్టేదాన్నమ్మా. ఒక్క ఏడు కూడా మానలేదు. మళ్లీ తీసుకెళ్లి నీ పళ్లెంలోనే కలిపేసేదాన్ని."

శాంతి గారెల పళ్లెం వైపు చూసింది. గట్టుమీద మూత కింద పెట్టుకున్న గారెలు... అమ్మవారికి అందనే అందవనుకుని, దూరం నుంచి దణ్ణాలు పెట్టుకున్న గారెలు! అవన్నీ ప్రతి ఏడూ పోలేరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాయన్నమాట. సాయిదుర్గ తిన్న ప్రతి గారె కూడా ప్రసాదమేనన్నమాట. ఆమె పట్టలేదనుకున్న నోము ఆ ఇంట్లో ఏటా జరుగుతూనే ఉందన్నమాట!

కళ్లు తుడుచుకుని శాంతి ఆకు వెనకనుంచి ఆ రెండు గారెల్నీ తీసి, బూరెల పక్కన అమ్మవారికి ఎదురుగా పెట్టింది. సత్యవతి వాయనానికి వచ్చి వీధి గుమ్మంలో పిలుస్తోంది. నూకాలమ్మ హారతి పళ్లెం కోడలి చేతికిచ్చి, కొబ్బరికాయ కొట్టమని కొడుకుని కేకేసింది.