డిస్కుకు పెట్టిన బొట్టు

విశ్వకర్మ పూజ మర్నాడు కిరందుల్ ఇనుప గని క్వార్టర్లలో పొద్దు బద్ధకంగా లేస్తుంది. ముందురోజు గని దగ్గర పూజలు, పాటలు, భోజనాలు చేసొచ్చిన మగవాళ్లు ఆలస్యంగా కళ్లు తెరుస్తారు. ఆడవాళ్లు మిగిలిన బూందీని డబ్బాల్లోకి ఎత్తుకుంటారు. రమణమ్మ వంటింట్లో ఆ పనే చేస్తోంది. బయట ముసురు పట్టి ఉంది. ఇనుప కొండ మీంచి దిగిన నీళ్లు కాలువలో ఎర్రగా పారుతున్నాయి. కాపురానికి వచ్చినప్పట్నుంచీ చూస్తున్న ఎరుపే.

ముందుగదిలోంచి ఒక చప్పుడు వస్తోంది. టిక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టిక్. గోడ వెనక ఎవరో గోటితో కొడుతున్నట్టు.

“రమణా, ఇలా రా. ఈ డబ్బా ఏటో కూస్తోంది,” అని రాజేశ్వరరావు పిలిచాడు.

ఆమె భర్త గనిలో ఖనిజం తోడే షావెల్ నడుపుతాడు. ఇల్లంత యంత్రాన్ని వేళ్లమీద ఆడించే మనిషి, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం మౌసును తేలును పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. నిన్నటి పూజ ఫోటోలు దాచుకుందామని కూతురి హార్డ్ డిస్కు తెచ్చి తీగ తగిలించాడు. అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టె అది. దాని దీపం వెలిగి ఆరుతోంది. తెరమీద ఇంగ్లిషులో ఒక గడి తెరుచుకుని ఉంది.

“దీన్ని వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలంట. చేసేస్తే పోలే? కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా బజార్లో షాపువాడు చేసేది అదేగా. ఇంటికొచ్చాక కొత్తదాన్లా పరిగెత్తేది.”

షాపుకు పంపేముందు కూతురు రీనా అందులోవన్నీ తీసి వేరేచోట దాచేదని ఆయనకు తెలియదు. ఫార్మాట్ అంటే యంత్రం విప్పి, నూనె వేసి, బిగించడం లాంటిదని ఆయన నమ్మకం. టౌన్‌షిప్పులో సగంమంది నమ్మకమూ అదే.

రమణమ్మ చూపు తెరమీద లేదు. తీగ పెట్టెలోకి దూరిన చోట ఉంది.

“అమ్మాయిని రానివ్వండి,” అంది మెల్లగా.

“దానికి తెలిస్తే ఇల్లెక్కి అరుస్తుంది. ఈలోగా బాగుచేసి పెట్టేద్దాం.” ఆయన బాణం గుర్తును ‘స్టార్ట్’ అని రాసున్న చోటికి జరిపాడు.

“నాన్నా! చెయ్యి తియ్!”

తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని వస్తున్న రీనా ఒక్క గెంతులో వచ్చి తండ్రి మణికట్టు పట్టేసింది.

“ఏటే ఆ కేక? బాగుచేస్తన్నాను కదా.”

“బాగుచెయ్యడమా? అది నొక్కితే లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోద్ది. ఆయతి పిన్ని గొంతు మొత్తం ఇందులోనే ఉంది. ఇంకెక్కడా లేదు!”

డిస్కు మళ్లీ టిక్ మంది. ముగ్గురూ దానివైపే చూశారు.

ఆయతిది వాగు అవతలి పల్లె. తెలుగు సరిహద్దున మరైగూడ వైపు పుట్టి ఇటు కోడలిగా వచ్చింది. ఆ పల్లె ఆడవాళ్లలో నోరారా తెలుగు మాట్లాడేది ఆమె ఒక్కతే కాబట్టి, సంతరోజున చింతపండు గంప ముందుగా రమణమ్మ గుమ్మం మెట్టుమీదే దించేది. ఒకరి యాసకు ఒకరు నవ్వుకునేవాళ్లు. రీనాను ఒళ్లో పెట్టుకుని తన దోర్లీ భాషలో పాటలు పాడిందీ ఆమే. జగదల్‌పూర్‌లో చదువు ముగించుకొచ్చిన రీనా ఆ పాటలన్నీ ఫోన్లో పట్టడం మొదలుపెట్టింది. ఫోన్ నిండిపోతే డిస్కులోకి మార్చి ఫోన్ ఖాళీ చేసింది. ఈ వానల మొదట్లో ఆయతి పోయింది. రేపు ఆమె పేరున ఊళ్లో జ్ఞాపకంగా రాయి నిలబెడుతున్నారు. ఆ రాయి దగ్గర తల్లి గొంతే వినపడాలని కొడుకు కేసా కోరిక. ఈ మధ్యాహ్నం దానికోసమే వస్తున్నాడు.

“మొన్నటిదాకా గడియారంలా పనిచేసింది,” అంది రీనా. “నువ్వేగా నాన్నా, ఈ డబ్బా తీసుకెళ్లి డంపర్ కింద పడేస్తానన్నావు? బ్యాంకు పరీక్ష రాయకుండా పల్లెలెంట తిరుగుతున్నానని.”

“అన్నాను. ఆ దారులు మంచివి కావని అన్నాను. అంటే చేసేస్తానా?”

“మరి నిన్న పూజ గడబిడలో దీన్ని ముట్టుకుందెవరు?”

రాజేశ్వరరావు కోపంగా డిస్కును పైకెత్తాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు. తీగ దూరే సందు అంచున పసుపు ఎండిపోయి ఉంది. ఆయన తల తిప్పి భార్యను చూశాడు. రమణమ్మ చూపు నేలకు దిగిపోయింది.

నిన్న ఇంట్లో ఉన్న స్పానర్లకు, స్కూటరుకు, మిక్సీకి, కుట్టుమిషనుకు బొట్లు పెట్టిందామె. గనివాళ్ల ఇళ్లలో ఆ రోజున అన్నం పెట్టే ఏ పనిముట్టునూ వదలరు. కూతురి పనిముట్టు ఏదని వెతికితే ఈ పెట్టె కనిపించింది. ఎర్రదుమ్ము ఉంటే తడిగుడ్డతో తుడిచింది. పసుపు చిక్కగా కలిపి, గోడకు నిలబెట్టి బొట్టు పెట్టింది. అది జారి ఎక్కడికి దిగిందో చూడలేదు. సాయంత్రం పైపైన తుడిచి బీరువాలో పెట్టేసింది.

రాజేశ్వరరావు బొటనవేలితో ఆ పసుపును కప్పేశాడు.

“అవును. నేనే,” అన్నాడు. “నిన్న చెయ్యి జారి పడింది. చెప్తే గొడవని ఊరుకున్నాను.”

రీనా అరవలేదు. అరిచినా బాగుండేది. “సరే. కేసా వస్తే ఆ మాట అతని మొహం చూసి నువ్వే చెప్పు. నేను అట్నుంచటే జగదల్‌పూర్ వెళ్లిపోతాను. ఈ ఇంట్లో నా వస్తువు ఏదీ మిగలదు.”

అంతలో ఆమె ఫోన్ మోగింది. కేసాయే. జీపు ఎక్కాడట. రీనా మాట్లాడుతూ వీధి గుమ్మంలోకి వెళ్లింది. రాజేశ్వరరావు డిస్కును మెల్లగా బల్లమీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా పెరట్లోకి నడిచాడు.

గదిలో రమణమ్మ ఒక్కతే మిగిలింది. తెరమీద ఆ గడి అలాగే తెరుచుకుని ఉంది. బాణం గుర్తు ‘స్టార్ట్’ మీదే కూర్చుని ఉంది.

ఒక్క నొక్కు. పసుపు సంగతి ఇక ఎవరూ తవ్వరు. తండ్రే చేశాడని అందరూ అనుకుంటారు, ఆయనా ఒప్పేసుకున్నాడు. అంతే కాదు. ఆ పెట్టెలో ఉన్నవి పాటలొక్కటే కావని రమణమ్మకు తెలుసు. ఆయతి చివరిసారి ఈ మెట్టుమీద కూర్చున్న సంతరోజున రీనా ఫోన్ పక్కనే పెట్టి ఉంది. ఆ రోజు ఆయతి ఒక మాట అంది. దానికి తను ఏమందో, ఏమనలేదో, ఆమె పోయిన కబురు వచ్చిన నాటినుంచి రమణమ్మకు అన్నం ముద్ద దగ్గర గుర్తొస్తూనే ఉంది. అదీ ఇందులోనే ఉంటుంది.

చెయ్యి దానంతట అదే మౌసు మీదికి వెళ్లింది. డిస్కు టిక్ మంది. పెరట్లోంచి భర్త దగ్గు వినపడింది. తను చేయని తప్పు మీద వేసుకుని, వానలో నిలబడి దగ్గుతున్నాడు.

రమణమ్మ నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుంది.

“రీనా!” అని అరిచింది. “ఇలా రా. మీ నాన్న కాదే. నేను. నేను చేశానే ఇది!”

తండ్రీ కూతుళ్లు చెరో గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చారు. రమణమ్మ ఏడుస్తూనే గుడ్డా, పసుపూ, బొట్టూ అంతా చెప్పింది. “నీ పనీ పచ్చగా ఉండాలని పెట్టానే. అన్నిటికీ పెట్టి దీన్నొక్కదాన్నే ఒట్టిగా వదల్లేకపోయాను.”

రీనా ముందు గడి మూసేసి, తీగ ఊడబీకింది. పెట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత తండ్రివైపు తిరిగింది.

“నువ్వెందుకు నీ మీద వేసుకున్నావ్?”

“నా మీద నీకు ఎలాగూ కోపమే కదా. ఆ ఖాతాలో ఇదొకటి,” అన్నాడాయన. “మీ అమ్మతో కూడా చెడితే ఇక ఈ ఇంటికి ఎందుకొస్తావ్?”

రీనా పెదవి కొరుక్కుంది. “దూది తే నాన్నా. నీ దెబ్బలపెట్టెలో స్పిరిట్ ఉంటుందిగా, అదీ. అమ్మా, వాడని పళ్లబ్రష్షు ఉందా?”

గనిలో యంత్రం ఆగితే నలుగురు చుట్టూ చేరినట్టే ముగ్గురూ ఆ నల్లపెట్టె చుట్టూ చేరారు. రాజేశ్వరరావు పొడి బ్రష్షుతో ఎండిన పసుపును రాల్చాడు. సూదికి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, సందులోని చిన్న పళ్లను ఒక్కొక్కటిగా తుడిచాడు. ఫ్యాను కింద బాగా ఆరనిచ్చారు. ఆరేదాకా ఎవరికీ టిఫిన్ గుర్తులేదు.

“కంప్యూటర్ ముందు పక్క సందులో కరెంటు సరిగా అందదు. వెనకపక్క పెడదాం,” అంటూ రీనా తన కెమెరా సంచిలోంచి వేరే తీగ తెచ్చి తగిలించింది.

టిక్.

రమణమ్మ కళ్లు మూసుకుంది. మళ్లీ ఆ చప్పుడు వస్తుందని కాచుక్కూర్చుంది. రాలేదు. బదులుగా తేనెటీగ ఎగిరినట్టు సన్నటి గుంయ్ మొదలైంది. తెరమీద పసుపుపచ్చ సంచి బొమ్మలు వరసగా తేలాయి.

“ఏదీ తెరవకు. ముందు అన్నీ ఇటు దించేద్దాం,” అంది రీనా తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి దిగుతుంటే పచ్చగీత పాకుతోంది. చివర్లో ఆగింది. రాయి దగ్గర వినిపించాలనుకున్న పెద్దపాట అది. చదవడం కుదరదని తెరమీద వచ్చింది. రీనా మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అదే. సగానికి మించి దిగలేదు.

“పోయిందమ్మా,” అంది నీరసంగా. “మిగతావి ఉన్నాయి. ఇదిగో, సంతరోజుది ఒకటి మొత్తం దిగింది. ఇందులో పాట లేదనుకుంటా, ఏదో మాట్లాడుకున్నారు.”

“పెట్టు,” అంది రమణమ్మ.

గదిలోకి ఆయతి వచ్చింది. ముందు గంప దించిన చప్పుడు, తర్వాత ఆయాసం, ఆ తర్వాత నవ్వు.

“ఏందక్కా, ఇయ్యాల గుమ్మం ముందల ముగ్గే లేదు? కాళ్లు నొస్తున్నయా?”

“నా కాళ్లకేం గానీ, నీ చింతపండులో గింజలేంటే ఇన్ని? చెట్టుతో సహా తెచ్చావా?”

“గింజల్లేకుంట చింతచెట్టు కాయదక్కా. గింజల్లేనిది కావాల్నంటే నీ మొగనికి చెప్పు, ఇనుము కొండల తవ్వి తీయమను.”

రాజేశ్వరరావు నవ్వాడు, కళ్లలో నీళ్లతో. అప్పుడు ఆ మాట వచ్చింది.

“అక్కా, పొద్దుగాల్నుంచి రొమ్ముల పట్టుకున్నట్టుంటది. వాగు గట్టు ఎక్కుతుంటే కళ్లు తిరిగినయ్.”

“అది సరే, ఇంకో దోసెడు వెయ్యి ముందు. ఇంతేనా?”

కాసేపు ఏ మాటా లేదు. గంపలో చింతపండు సర్దిన చప్పుడు. “వేస్తి లేక్కా. తీసుకో,” అన్న ఆయతి గొంతు. అంతే.

రీనా తల్లి మొహం చూసింది. మౌసు మీద చెయ్యి వేసి, “ఆ చిన్నముక్క కోసేస్తానమ్మా. ఎవరికీ తెలీదు,” అంది.

“వద్దు.” రమణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “పొద్దున్న అంతా తుడిచేద్దామని నేనూ చెయ్యి పెట్టాను. వద్దు. అది చెప్పుకుంది. నేను వినలేదు. వాళ్లయినా విననీ.”

మధ్యాహ్నం ముసురులోనే కేసా వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా, తల్లి కూర్చునే మెట్టుమీదే కూర్చున్నాడు. పాట సగం పోయిందనీ, ఎందుకు పోయిందనీ రమణమ్మే చెప్పింది. సంతరోజుది వినిపించింది. వింటున్నంతసేపూ అతను కాలువలో పారే ఎర్రనీళ్లనే చూస్తూ ఉన్నాడు. ఏమంటాడో తెలియక ముగ్గురూ గుమ్మంలో నిలబడిపోయారు.

“పెద్దమ్మా,” అన్నాడు చివరికి. “నాకు గూడ చెప్పింది అమ్మ. వరి నాట్లు అయినంక దవఖానకు పోదాం అన్న.” మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. “పాటలైతే ఊర్ల అందరికి వచ్చు. ఇట్ల ఎవరు మాట్లాడ్తరు? రేపు ఇదే పెడతం. మీరు గూడ రాండ్రి.”

రమణమ్మ భర్తవైపు చూసింది.

“జీపెందుకు, స్కూటరుందిగా,” అన్నాడు రాజేశ్వరరావు. “బొట్టు కూడా పెట్టుంది.”

రీనా నవ్వబోయి తండ్రి భుజంమీద తల ఆనించి ఏడ్చేసింది. తర్వాత కేసా ఫోన్ చిప్‌లో అంతా ఎక్కించి, సరిగా వచ్చిందో లేదోనని మొదట్నుంచీ మళ్లీ పెట్టింది. గంప దిగింది. ఆయతి నవ్వింది. ముగ్గు అడిగింది. రమణమ్మ వచ్చి కేసా పక్కన, ఆ తడి మెట్టుమీదే కూర్చుంది.

“అక్కా, పొద్దుగాల్నుంచి రొమ్ముల పట్టుకున్నట్టుంటది...”

“చెప్పవే ఆయతీ,” అంది రమణమ్మ, తన పాత గొంతు అడ్డురాకముందే. “చెప్పు. వింటున్నాను.”