పసుపు లేని బొట్టు

కడప బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జి గదిలో యేసుప్రసాద్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు. ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. డాక్టరు గుండెపోటని రాసిచ్చి వెళ్లిపోయాడు. చెవి వెనక సూది మొనంత ఎర్రటి చుక్క ఆయన కంట పడలేదు.

శివజ్యోతి కంట పడింది. యేసుప్రసాద్, తనూజ, తను ఒకే బ్యాచ్‌లో ట్రెయినింగ్ అయ్యారు. మూడు ప్లేట్లు తెచ్చుకుని ఒకే ప్లేటులో తిన్న రోజులు. ఆమె వంగి అతని ముఖం మీదికి దుప్పటి లాగింది.

మర్నాడు పొద్దున్నే కమలాపురం దాటి ఒక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ముందు దిగింది.

"పచ్చరాయి ఉండాదా అప్పా?" అని గేటు దగ్గర గుర్తుమాట అడిగింది.

"పచ్చది అయిపోయె. నల్లది కావాలంటే లోపలికి రా మా."

పాలిష్ మిషన్లు తిరిగే చోట పక్క మనిషి మాటే వినపడదు. ఇక ఎవరు మైకు పెట్టినా వృథా. అందుకే చీఫ్ ఓబుళేశు ఆ చోటు ఎంచుకున్నాడు. కనుబొమల మీద కూడా రాతి పొడి పేరుకున్న ఆ మనిషిని చూస్తే సీక్రెట్ సర్వీస్ చీఫ్ అని కన్నతల్లి కూడా నమ్మదు.

"కర్నూలు సెంటర్లో కొత్త మిషన్ దించినాం, తెలుసు గదా," అన్నాడు ఆమె చెవి దగ్గరికి వంగి. "గ్రాఫిక్స్ కార్డుల చేత లెక్కలు చేయించేది. పరాయి దేశం రేడియోల్లో వినపడే లక్ష గొంతుల్లోంచి మన వాళ్ల గొంతు ఏరి పెడుతుంది. ఎవరు బతికుండారో, యాడుండారో తెలుస్తాది."

శివజ్యోతి తలూపింది. ఆ "మన వాళ్ల"లో ఒకడు వీరభద్ర. ఆమె భర్త. సరిహద్దు దాటి వెళ్లినప్పటి నుంచి అతని గొంతు ఆమె వినలేదు.

"ఆ కార్డులు పనిచేయాలంటే టూల్‌కిట్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించాల. అది ఎక్కడం ల్యా. ఎన్నిసార్లు చేసినా ఫెయిల్. 'ఏదో కనిపెట్టినా సార్, ఫోన్లో వద్దు, వచ్చి చెప్తా' అని బయల్దేరినాడు మన యేసు. కడప దాటలేదు."

ఓబుళేశు రెండు వస్తువులు ఆమె చేతిలో పెట్టాడు. ఒకటి, చనిపోయే ముందు రోజు యేసుప్రసాద్ పంపిన ఫోటో ఉన్న ఫోన్. స్క్రీన్ మీద 'ఇన్‌స్టలేషన్ ఫెయిల్డ్' అన్న ఎర్ర అక్షరాలు, అంచున క్యాబినెట్ మూల. రెండోది, అతని సంచిలో దొరికిన కుంకుమ పొట్లం.

"ఆదివారం చర్చి తప్పని మనిషి. కుంకుమతో ఏం పని?"

"తెలీదు సార్."

"సాయంత్రం ఐదుకు ఢిల్లీ నుంచి మన వాళ్ల గొంతుల నమూనాలు ఆ మిషన్లోకి దిగుతాయి. ఆ లింకు మనం ఆపలేం. మిషన్లో దొంగ ఉంటే ఆ గొంతులు పరాయి దేశపోళ్ల చేతికి పోతాయి. పోయినాయంటే మన వాళ్లు ఒక్కడూ మిగలడు."

కర్నూలు శివార్లలో 'విత్తన పరీక్షా కేంద్రం' అని బోర్డున్న షెడ్డులోకి శివజ్యోతి వేరుశనగ శాంపిళ్ల సంచితో అడుగుపెట్టింది. కాయల కింద ల్యాప్‌టాప్, స్క్రూడ్రైవర్లు. గుమ్మం దగ్గర దేవుడి పటం, పసుపు కుంకుమ భరిణెలు. దసరాకు ఆయుధపూజ చేసిన గుర్తుగా లోపల జనరేటర్ మొదలుకొని ఫ్యాను స్విచ్చు దాకా అన్నిటికీ బొట్లే.

"వస్తివా తల్లీ," అన్నాడు ఇన్‌చార్జి హర్షవర్ధన్, చొక్కా చెమటతో తడిసిపోయి. "నా ఉద్యోగం నీ చేతిలో ఉండాది."

మిషన్ పక్క నుంచి తనూజ లేచి వచ్చింది. ఈ ఎండలోనూ నలగని పట్టుచీర, మెరిసే గోళ్లు, హైదరాబాద్ ఆఫీసు పంపిన స్పెషలిస్టు. శివజ్యోతిని గట్టిగా వాటేసుకుంది.

"మన యేసు పోయినాడంట కదే," అంది. కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి.

శివజ్యోతి కూర్చుని ఇన్‌స్టలేషన్ నడిపింది. ఫెయిల్. ఏ మెట్టు దగ్గర ఆగిందో రాసి ఉండే లాగ్ ఫైలు తెరిచి పైనుంచి కిందికి ఓపికగా చదివింది. కార్డులను నడిపే డ్రైవర్ ప్రోగ్రాం మీద సరైన డిజిటల్ సంతకం లేదని, సెక్యూర్ బూట్ దాన్ని గుమ్మంలోనే ఆపేసిందని రాసి ఉంది.

"ఇంకేం ఆలోచిస్తాండావు?" అంది తనూజ. "సెక్యూర్ బూట్ ఆఫ్ చేస్తే సరి. నా దగ్గర వేరే డ్రైవర్ ఉండాది. ఎక్కించేస్తా."

"అదే చేయండమ్మా, టైమైతాంది," అన్నాడు హర్షవర్ధన్.

సెక్యూర్ బూట్ అంటే కాపలావాడు. తెలియని డ్రైవర్‌ను లోపలికి రానివ్వడు. కాపలావాణ్ణి కొట్టి లోపలికి రావడం కష్టం. ఇంటివాళ్లే విసుగెత్తి వాణ్ణి పంపించేస్తే? అందుకేనా ఇన్నిసార్లు ఫెయిలవడం?

కేబుల్ చూసే నెపంతో శివజ్యోతి క్యాబినెట్ పక్కన వంగింది. పక్క రేకు, ఫ్రేము కలిసే సందు మీద ఒక బొట్టు ఉంది. సగం రేకు మీద, సగం ఫ్రేము మీద.

కుంకుమ పొట్లం ఎందుకో అప్పుడు అర్థమైంది. యేసుప్రసాద్ సీలు వేశాడు. రేకు ఊడదీస్తే బొట్టు చిట్లుతుంది. ఇన్ని బొట్ల మధ్య దాన్ని ఎవరూ అనుమానించరు, చెరపడానికి ఎవరికీ చేయి రాదు.

ఇప్పుడు బొట్టు చిట్లలేదు. గుండ్రంగా, చక్కగా, పసుపు మీద కుంకుమతో ఉంది.

శివజ్యోతి ఫోన్లో ఫోటో పెద్దది చేసి చూసింది. అందులో క్యాబినెట్ మూలన ఉన్నది వట్టి కుంకుమ. పసుపు లేదు. యేసుకు ముందు పసుపు పెట్టాలని తెలియదు, అతని ఇంట్లో ఆ అలవాటు లేదు. ఎవరో రేకు విప్పి, చిట్లిన బొట్టు తుడిచి కొత్తది పెట్టారు. పెట్టిన చేతికి మాత్రం చిన్నప్పటి నుంచి అలవాటు.

ఆమె తలెత్తింది. కీబోర్డు పక్కన తనూజ చేయి. చూపుడు వేలి గోటి అంచున, రంగు కింద, సన్నటి పసుపు గీత.

కాకూడదు అనుకుంది. కానీ గీత అక్కడే ఉంది.

వెళ్లి కూర్చుని ఒకే ఒక్క లైను టైప్ చేసి, స్క్రీన్ ఖాళీ చేసి లేచింది. "నా వల్ల కాదు తనూజా. నువ్వే చేయ్. నేను కేబుళ్లు సర్దుతా."

తనూజ సెక్యూర్ బూట్ ఆఫ్ చేసింది. మిషన్ మళ్లీ లేచింది. మెడలోని లాకెట్ తెరిచి పెన్‌డ్రైవ్ బయటికి తీసింది. గోడ గడియారంలో ఐదు కావస్తోంది. తనూజ కళ్లు స్క్రీన్ మీదే ఉండగా శివజ్యోతి స్క్రూలు విప్పి రేకు ఊడదీసింది. మదర్‌బోర్డుకు అంటుకుని, గోరంత వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్, చిన్న లైటు వెలిగి ఆరుతూ. తనూజ డ్రైవర్ ఎక్కితే గొంతులు బయటికి పోయే దారి అదే.

"వస్తాండాయి," అన్నాడు హర్షవర్ధన్. గొంతులు దిగడం మొదలైంది.

తనూజ ఎంటర్ నొక్కింది.

స్క్రీన్ మీద ఇన్‌స్టలేషన్ గీత మెల్లగా నిండింది. చివర్లో ఆగింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇన్‌స్టలేషన్ ఫెయిల్డ్.

"కెర్నెల్ హెడర్ ఫైళ్లు ల్యావు, కదా?" అంది శివజ్యోతి వెనక నుంచి. "అవి ల్యాకుంటే ఏ డ్రైవరూ ఎక్కదు. మంచిదైనా, దొంగదైనా. ఇందాక నేనే పీకేసినా."

ట్రాన్స్‌మిటర్‌ను పట్టకారుతో లాగి నేలకేసి తొక్కింది. హర్షవర్ధన్ కుర్చీలో బిగుసుకుపోయాడు.

తనూజ నెమ్మదిగా తిరిగింది. చేతిలో లిప్‌స్టిక్. "ఎట్ల కనుక్కుంటివి?"

"యేసు పసుపు పెట్టలేదు. నువ్వు పెడితివి."

తనూజ తన గోరు చూసుకుని నవ్వింది. ఆ నవ్వులో పాత స్నేహితురాలు ఒక్క క్షణం కనిపించి పోయింది. "వట్టి కుంకుమ పెడితే మాయమ్మ చేయి ఇరగ్గొడతాండె."

"మాయమ్మ కూడా."

లిప్‌స్టిక్ కొసన సూది మెరిసింది. తనూజ దూకింది. శివజ్యోతి ఊడదీసిన రేకు ఎత్తి అడ్డం పెట్టింది. ఉక్కు మీద సూది టప్పున విరిగింది. ఆ రేకుతోనే తనూజ మణికట్టు మీద కొట్టి, కింద పడేసి, కేబుల్ టైతో చేతులు బిగించింది. కట్టు వదులుగా లేదని లాగి చూసింది.

"యేసును సంపేటప్పుడు ఏమన్నాడు?"

తనూజ విరిగిన సూది వైపు చూసింది. "'టీ తాగుతావా' అన్నాడు," అంది.

మర్నాడు అసలైన డ్రైవర్, అసలైన టూల్‌కిట్, సెక్యూర్ బూట్ ఆన్. మారుమాట లేకుండా ఎక్కాయి. మిషన్ వినడం మొదలుపెట్టింది. చివరగా దొరికిన గొంతు ఏదో దూరపు సంతలో, తెలియని భాషలో, దుప్పటి బేరమాడుతోంది. మధ్యలో చిన్న దగ్గు. ఆ దగ్గు శివజ్యోతికి తెలుసు. హెడ్‌ఫోన్లు తీయకుండా కళ్లు మూసుకుని బేరం తెగేదాకా వింది.

తర్వాత రేకు బిగించి, యేసుప్రసాద్ పొట్లంలోంచి కుంకుమ తీసి నీళ్లతో తడిపి, సందు మీద బొట్టు పెట్టింది. అటెండర్ మారెన్న టీ పట్టుకొచ్చి చూశాడు.

"ఏందమ్మా, పసుపు మర్సిపోతివి?"

"మర్సిపోలే మారెన్నా," అంది శివజ్యోతి. "ఈ మిషన్‌ది యేసు మతం."