టైపు చేసిన వేళ్లు

చిన్నస్వామి నిజంగా ఆ రాతలు రాశాడా? పదేళ్లుగా ఏజెంట్ నటేశన్ ఏ గుడిలో చేతులు జోడించినా ముందు ఈ సందేహమే ఎదురొచ్చేది. డార్క్ వెబ్‌లో గస్తీ పడవల వేళలు అమ్మిన పేరులేని మనిషి రాత శైలీ, చిన్నస్వామి పేరున పడే తేరు ఉత్సవం పోస్టుల శైలీ ఒకటేనని సాఫ్ట్‌వేర్ తేల్చింది. రిపోర్టు మీద సంతకం నటేశన్‌ది. చిన్నస్వామికి రెండేళ్ల జైలు.

బేడీలు వేస్తుంటే ఆయన అడిగింది ఒక్కటే. "వీరాంపట్టినం అమ్మవారికి నా మొక్కు టెంకాయ నువ్వన్నా కొట్టు నాయినా."

నటేశన్ సరేనన్నాడు. కొట్టలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు?

ఈ ఉదయం మళ్లీ అదే డార్క్ వెబ్, మళ్లీ పడవల వేళలు.

"తొంభై నాలుగు శాతం మ్యాచ్," అన్నాడు చీఫ్ రవిచంద్రన్. "సోలై నగర్ జయలక్ష్మమ్మ. వంటల బ్లాగు ఉంది. పన్నెండుకు ఈరోజు వేళల పోస్ట్ పడిందంటే విదేశీ ముఠా పడవ ఒడ్డెక్కుతుంది. ఆమే అయితే 'కాఫీ వేడిగా ఉంది' అను. టీమ్ దిగుతుంది."

11.48. స్టవ్ మెకానిక్ వేషంలో నటేశన్ ఆమె వంటింట్లో ఉన్నాడు.

"బ్లాగు మీరే రాస్తారా అత్తా?"

"నాకు రాత యాడొస్తుంది నాయినా! నేను వాగతా ఉంటా, ప్రీతికని, మేడమీద గదికొచ్చే బిడ్డ టైపు చేస్తుంది. వీధిలో రాత రానోళ్లందరికీ ఆమే. పాపం, జైలుకు పోయిన చిన్నస్వామన్నకూ ఆమే చేసేది. ఇప్పుడూ పైనే ఉండాది."

స్క్రూడ్రైవర్ చేతిలోంచి జారింది. ప్రీతిక! తన యూనిట్‌లో ఆ సాఫ్ట్‌వేర్ నడిపేదే ఆమె. నవ్వితే చీఫ్ కూడా చేతిలో ఫైలు మరిచిపోతాడు. ఆమె తన రాతను అమాయకుల నెత్తిన రుద్దడానికే ఈ సేవంతా. సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పలేదు. వేళ్లెవరివని తానే అడగలేదు.

వాచీలో గొణిగాడు. "కాఫీ చల్లారింది. ఈమె కాదు. మేడమీదికి రండి."

11.59. ల్యాప్‌టాప్ ముందు ప్రీతిక వేలు ఎంటర్ మీదుంది.

"లేటయ్యావు, నటేశన్."

"పదేళ్లు," అన్నాడు, జేబులో పెన్ జామర్ నొక్కుతూ.

ఆమె ఎంటర్ కొట్టింది. తెరమీద చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. సిగ్నల్ లేదు. మెట్లమీద బూట్ల చప్పుడు.

శుక్రవారం వీరాంపట్టినంలో నటేశన్ టెంకాయ పట్టుకుని చిన్నస్వామి ముందు తల వంచాడు. "తప్పు నాదన్నా. కోర్టుకు కూడా అదే రాసిచ్చా."

చిన్నస్వామి టెంకాయను తిరిగి అతని చేతిలోకే తోశాడు. "మాటిచ్చింది నువ్వు గదా. కొట్టు," అన్నాడు.

ఒక్క దెబ్బకు కాయ రెండు చెక్కలైంది.

"మీ మిషన్‌లో మాత్రం నేనే కొట్టినానని రాసుకోండప్పా," అన్నాడు చిన్నస్వామి, ఒక చెక్క అందుకుంటూ. "మీకది అలవాటే గదా!"