రాత్రి రాని దెయ్యం

"మా కుక్కకి మా ఆయన కనబడుతున్నారండీ," అంది ఉమ, కుర్చీ అంచున కూర్చుని. "సోమవారం దానికి ఇంజెక్షన్ ఇప్పించి చంపించేస్తారట. ఈలోగా మీరేమైనా చెయ్యగలరేమోనని వచ్చాను."

మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఒక కిరాణా దుకాణం పైన గది అద్దెకు తీసుకున్న డిటెక్టివ్ తేజేశ్వర్ దగ్గరికి మామూలుగా వచ్చేవి పెళ్ళికొడుకుల చరిత్రలు, ఇన్సూరెన్స్ తగాదాలు. దెయ్యం కేసు ఇదే మొదటిది. అసిస్టెంటు అనిక అప్పుడే కుర్చీ దగ్గరికి లాక్కుంది. మిషిగన్‌లో పుట్టి పెరిగిన ఆ పిల్లకి తెలుగు సగమే వచ్చుగానీ, తేజేశ్వర్ మీద నమ్మకం మాత్రం పూర్తిగా ఉంది.

"మొదట్నించీ చెప్పండమ్మా," అన్నాడు తేజేశ్వర్.

ఉమ భర్త డాక్టర్ భీమశంకరం. జీవితమంతా గుండె జబ్బులు చూసి రిటైరయ్యాక, ఊళ్ళో తెలుగువాళ్ళందరూ ముక్కున వేలేసుకునేలా తుపాకీ కొని ఫెజంట్ పక్షుల వేట మొదలుపెట్టాడు. పైగా శాకాహారి. కొట్టిన పిట్టల్ని పక్కింటివాళ్ళకి ఇచ్చేసేవాడు. ఎందుకండీ ఈ పాపం అని గుళ్ళో ఎవరైనా అడిగితే, "పిట్ట కోసం కాదు, మా చుక్క పని చేస్తుంటే చూడ్డానికి," అనేవాడు. చుక్క అంటే అతని వేటకుక్క. గోధుమరంగు ఒంటి నిండా తెల్లటి చుక్కలు.

డిసెంబరులో ఒకరోజు భీమశంకరం చెరువు మీద మంచు విరిగి నీళ్ళలో పడి చనిపోయాడు. ఒంటరిగా వెళ్ళాడన్నారు. చుక్క ఒక్కటే తడిసి ముద్దై, అతని కారు పక్కన కూర్చుని కనబడింది.

"రోజూ సాయంత్రం ఆయన ఫొటో ముందు దీపం పెడతానండీ. చుక్క వచ్చి నా పక్కన కూర్చుని ఆయన్నే చూసేది. ఒకరోజు ఉన్నట్టుండి కెవ్వుమని అరిచి, ఎగిరిపడి, బల్ల కిందికి దూరింది. ఆ తర్వాత చాలాసార్లు అంతే. ఆయన్ని క్షణం విడిచి ఉండేది కాదు. ఇప్పుడు ఆయన మొహం చూస్తే చాలు, గజగజా వణుకుతోంది." ఉమ గొంతు దించింది. "ఆ రోజు వెళ్ళొద్దని నేను గట్టిగా అనలేదు. అందుకే కోపంగా వస్తున్నారేమో."

"రాత్రిపూట కూడా వస్తారా?"

"లేదండీ. రాత్రి నా మంచం పక్కనే హాయిగా పడుకుంటుంది."

"రాత్రి రాని దెయ్యం!" తేజేశ్వర్ మొదటిసారి ముందుకు వంగాడు. "దాని మెడలో ఏమైనా ఉంటుందా?"

"కాలర్ ఉందండీ, కరెంటుది. రోజూ రాత్రి ఆయన అది తీసి ఛార్జింగ్ పెట్టేవారు, పొద్దున్నే కట్టేవారు. ఆయన పని ఆగిపోకూడదని నేనూ అలాగే చేస్తున్నాను."

"షాక్ కాలరా ఆంటీ? సో మీన్!" అంది అనిక.

"నేనూ అలాగే పోట్లాడానమ్మా. ముందు తన చేతికి కట్టుకుని, నొప్పి ఎంతో చూసుకున్నాకే దానికి కట్టారు. రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే కాలర్ కూత పెడుతుంది, కుక్క వెనక్కి వచ్చెయ్యాలి. షాక్ ఎప్పుడో గానీ వాడేవారు కాదు. ఇంకో నియమం కూడా ఉండేది. తుపాకీ పట్టినవాడు రిమోట్ పట్టకూడదు, రెండు పనులూ ఒకడు చేస్తే ఏదో ఒకటి తప్పుతుందని. ఒక్కరే వెళ్ళినప్పుడు తుపాకీ ఇంట్లోనే వదిలేవారు, ఉత్త ట్రైనింగే."

"చెరువులో ఏమేం దొరికాయి?"

"ఆయన, తుపాకీ, విజిల్. రిమోట్ దొరకలేదు. నీళ్ళలో పోయుంటుందన్నారు. దసరాకి కారుతోపాటు తుపాకీకి, రిమోట్‌కి కూడా ఆయుధ పూజ చేసి పసుపు దారం కట్టాను. ఏం కాపాడిందండీ ఆ దారం?"

తేజేశ్వర్ ఆ ఇంటి అడ్రసు రాసుకున్నాడు. సాయంత్రం దీపం వేళకి వస్తామని మాత్రం చెప్పి పంపాడు.

*

వాళ్ళు వెళ్ళేసరికి ఆ ఇంటి మీద ఫిబ్రవరి మంచు మోకాలెత్తున ఉంది. లోపల హీటర్ హోరుమంటోంది. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, కోట్లు కొక్కేలకి తగిలించారు. చుక్క వచ్చి అనిక చెయ్యి నాకి, తోక ఊపింది. అనిక దాని మెడ నిమిరి, చెయ్యి వెనక్కి తీసుకుంది. కాలర్ ముళ్ళు ఆనినచోట బొచ్చు ఊడి పుండ్లు పడ్డాయి.

ఉమ కూతురు శ్రీవిద్య, అల్లుడు సిద్ధార్థ్ వేరే రాష్ట్రంలోని ఆష్‌బర్న్ నుంచి వచ్చి ఉన్నారు. సిద్ధార్థ్ హుడీ జేబులో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"చూడండి, నేను విలన్ని కాదు," అన్నాడు. "అత్తయ్యగారు మాతో వచ్చేస్తున్నారు. మా కమ్యూనిటీలో ఇంత పెద్ద కుక్కని ఎలౌ చెయ్యరు. దీని బిహేవియర్ చూస్తే ఎవరూ అడాప్ట్ చేసుకోరు. పుట్ డౌన్ చెయ్యడమే దానికి మంచిదని ఫణి అంకుల్ కూడా అన్నారు. అపాయింట్‌మెంట్ నేనే బుక్ చేశాను."

"మామగారు పోయినరోజు మీరెక్కడున్నారు?"

"ఆష్‌బర్న్‌లోనే, ఆఫీస్‌లో. కావాలంటే వెరిఫై చేసుకోండి."

"చేసుకుంటాను," అన్నాడు తేజేశ్వర్ మర్యాదగా.

కాసేపటికి, ఆయన పోయినప్పట్నించీ తరచూ దీపం వేళకి వచ్చిపోయే ఫణి వచ్చాడు. కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు, భీమశంకరానికి వేటలో జతగాడు. మనిషి సగమై ఉన్నాడు. కళ్ళ కింద నలుపు. బూట్లు విప్పాడుగానీ కోటు విప్పలేదు. అతను లోపలికి రాగానే చుక్క తోక ముడిచి నేలకి అంటుకుపోయింది.

"అందరి దగ్గరా అంతే ఇప్పుడు," అన్నాడు సిద్ధార్థ్. అందరి దగ్గరా అంతే కాదని అనిక చేతికి తెలుసు.

"వేటకి ఎప్పుడూ ఇద్దరూ కలిసే వెళ్ళేవారటగా?" అడిగాడు తేజేశ్వర్.

"అవునండీ. ఆ రోజే నడుం పట్టేసి ఇంట్లో ఉండిపోయాను. నా దురదృష్టం."

అంతలో వంటింట్లో ఫ్రిజ్ ఐస్ ముక్కల్ని గలగలమని ట్రేలోకి వదిలింది. ఫణి అదిరిపడి గోడ పట్టుకున్నాడు. మిగతావాళ్ళెవరికీ ఆ చప్పుడు వినబడినట్టే లేదు.

చీకటి పడుతుండగా ఉమ దీపం వెలిగించింది. చందనం దండ వెనక నుంచి భీమశంకరం నవ్వుతున్నాడు. చుక్క పాకుతున్నట్టు వచ్చి ఆమె పక్కన కూర్చుని, తల ఎత్తి ఫొటో వైపు చూసింది. అంతే. కెవ్వుమని ఎగిరి, బల్ల కిందికి పోయి, తడుపుకుని, గోడ వైపు తిరిగి మూలిగింది. ఆ మూలుగు వింటే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. ఉమ ఫొటోకి చేతులు జోడించి, "ఏం తప్పు చేశామో చెప్పండి," అని ఏడ్చేసింది.

బయటికొచ్చాక కారులో అనిక పళ్ళు టకటకలాడుతున్నాయి. "అంకుల్, ఐ స్వేర్, ఆ రూమ్‌లో ఎవరో ఉన్నారు."

"ఉన్నారు," అన్నాడు తేజేశ్వర్. "వేట సామాన్ల కొట్టుకి పోయి అలాంటి కాలరే ఇంకొకటి కొనుక్కురా. ఛార్జి మాత్రం ఎక్కించకు."

*

మర్నాడు సాయంత్రం అందర్నీ ఆ ఫొటో ముందే కూర్చోబెట్టాడు తేజేశ్వర్. ఉమ దీపం వెలిగించింది. చుక్క ఎప్పట్లాగే వచ్చి, వణుకుతూ ఫొటోకేసి చూసింది. తేజేశ్వర్ ఎడమచేత్తో టీ కప్పు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

కుక్క అరవలేదు. తేజేశ్వర్ చెయ్యి మాత్రం ఎగిరింది. టీ అంతా కార్పెట్ మీద పడింది.

"అమ్మో!" అన్నాడు ముంజెయ్యి పట్టుకుని. తర్వాత స్వెట్టర్ చెయ్యి పైకి లాగాడు. ముంజేతికి చుక్క కాలర్ బిగించి ఉంది. "దీన్ని భరిస్తున్నదా ఈ మూగప్రాణి! చుక్క మెడలో ఉన్నది ఛార్జి లేని ఉత్త పట్టీ. ఇందాకే మార్చాం. ఇప్పుడు దెయ్యం నన్ను కరిచింది."

ఆ గలాటాకి చుక్క అప్పటికే బల్ల కిందికి దూరింది.

"వేటకుక్కలకి నేర్పేవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. కుక్క దేన్ని చూస్తుండగా షాక్ కొడితే, ఆ నొప్పి దాన్నుంచే వచ్చిందనుకుంటుంది. చుక్క సరిగ్గా డాక్టర్ గారి మొహం చూస్తున్నప్పుడే ఎవరో రిమోట్ నొక్కారు. రాత్రి కాలర్ ఛార్జింగ్‌లో ఉంటుంది కనక ఆ దెయ్యానికి సెలవు."

"వాట్! ఎవరు?" అంది శ్రీవిద్య. ఆమె చూపు భర్త హుడీ మీదికి పోయింది.

"హే, నేను కాదు!" అంటూ సిద్ధార్థ్ జేబులు తిరగేశాడు. ఫోను, కారు తాళం తప్ప ఏమీ లేవు.

"మీరు కాదు. మీరు ఆ రోజు ఆఫీస్‌లోనే ఉన్నారు, కనుక్కున్నాను. డాక్టర్ గారు ఒంటరిగా వెళితే తుపాకీ తీసుకెళ్ళరు. తుపాకీ చెరువులో దొరికింది. అంటే ఆ రోజు వెంట ఇంకొకరున్నారు. తుపాకీ ఆయన చేతిలో ఉంటే రిమోట్ ఎవరి చేతిలో ఉన్నట్టు? అది నీళ్ళలో పోలేదు, ఒడ్డున ఉన్నవాడితో ఇంటికెళ్ళింది." తేజేశ్వర్ గొంతు మెత్తబడింది. "ఫణి గారూ, ఇంత వేడిలో కోటు ఎందుకండీ? ఇలా ఇవ్వండి, తగిలిస్తాను."

ఫణి కోటు గుండీలు విప్పాడు. తర్వాత జేబులోంచి రిమోట్ తీసి బల్ల మీద పెట్టాడు. దాని తాడుకి, మాసిపోయి, ఉమ కట్టిన పసుపు దారం ఇంకా ఉంది.

ఉమ దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పిట్ట చెరువు మీద పడింది వదినగారూ," అన్నాడు ఫణి నేల చూస్తూ. "చుక్క మంచు మీదికి పరిగెత్తింది. కూత నొక్కబోయాను. చేతికి గ్లోవ్స్. షాక్ నొక్కేశాను, అదీ ఫుల్‌లో. ఏం కరిచిందో తెలీక అది బెదిరి ఇంకా లోపలికి పారిపోయింది. శంకరం దాని వెనకే వెళ్ళాడు. మంచు విరిగింది. నేను కాలు కదపలేకపోయాను. అంతా అయిపోయాక నా కారెక్కి వచ్చేశాను. ఫోను కూడా చెయ్యలేదు."

"మరి చుక్కనెందుకు అంకుల్?" అరిచింది అనిక. "పాపం అది ఏం చేసింది?"

"దానికి తెలుసమ్మా. నా చెయ్యి జేబులోకి పోతే చాలు, నేలకి కరుచుకునేది. ఇదేమిటి, మిమ్మల్ని చూసి ఎందుకు భయపడుతోందని అందరి ముందూ అడిగారు వదినగారు ఒకరోజు. ఆ కుక్క ఉన్నన్నాళ్ళూ నాకు నిద్ర రాదనుకున్నాను. పిచ్చిదని నమ్మిస్తే పోతుందనుకున్నాను. ఎక్కడ ఐస్ చప్పుడైనా నాకు ఆ చెరువే." అతను భోరుమన్నాడు.

ఇంటికి పట్టిన దెయ్యం ఇన్నాళ్ళూ ఈ మనిషి లోపలే కాపురముంది. జాలి పడాలో, చీదరించుకోవాలో అక్కడెవరికీ తెలియలేదు.

ఉమ మాత్రం ఒకటే అడిగింది. "చివర్లో ఏమన్నారు?"

ఫణి తల అడ్డంగా ఊపాడు.

"చెప్పండి ఫణి గారూ. నాకు కావాలి."

"'ఫణీ, చుక్కని పిలు' అన్నాడు. మంచు విరిగేదాకా అదే మాట, మళ్ళీ మళ్ళీ. కూత బటన్ నా వేలి కిందే ఉంది వదినగారూ. మళ్ళీ తప్పు నొక్కుతానేమోనని నొక్కలేదు. పిలిచుంటే అది వెనక్కొచ్చేది, శంకరం కూడా వెనక్కొచ్చేవాడు."

ఉమ కళ్ళు మూసుకుంది. ఆయనకి తన మీద కోపం లేదు, ఎవరి మీదా లేదు. ఆ సంగతి తెలిశాక ఆమె ఏడుపు వేరుగా వచ్చింది.

"పోలీసులకి మీరే ఫోన్ చెయ్యండి," అన్నాడు తేజేశ్వర్ ఫణితో. "ఈసారైనా." ఫణి ఫోను తీశాడు. సిద్ధార్థ్ ఎవరూ చెప్పకుండానే పక్కగదిలోకి పోయి సోమవారం అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేశాడు.

పోలీసులు ఫణిని తీసుకెళ్ళాక, ఉమ గోడ మీది ఫొటో దించింది. దండ తీసి పక్కన పెట్టింది. ఫొటో నేల మీద గోడకి ఆనించి, దాని ముందు నాలుగు బిస్కట్లు పెట్టి, కార్పెట్ మీద చతికిలబడింది. బల్ల కిందికి చెయ్యి చాచి చుక్క మెడలోని ఉత్త పట్టీ కూడా విప్పేసింది.

"వస్తుందా అంకుల్?" అంది అనిక గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ.

"ఒక్కరోజులో రాదు," అన్నాడు తేజేశ్వర్, ముంజెయ్యి రుద్దుకుంటూ. "ఎవరో ఒకరు పిలుస్తూ ఉండాలి."

లోపలి నుంచి ఉమ గొంతు వినబడింది. "చుక్కా, రామ్మా. ఆయనేం చెయ్యరు. రా."

బల్ల కింద గోళ్ళు కార్పెట్ మీద గీసుకున్న చప్పుడైంది. అనిక తలుపు వెయ్యకుండా అలాగే నిలబడింది. చుక్క ఒక అడుగు ముందుకు వచ్చి, ఫొటో వైపు కాకుండా ఉమ వైపు చూస్తూ, మెల్లగా పడుకుంది. ఉమ మళ్ళీ పిలిచింది.