జుపాన్ రికార్డు మీద ముల్లు

గ్రామఫోన్ రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ ఇంజనీరొకడు లూబ్ల్యానా నగరపు నదిలో శవమై తేలాడు. యుగోస్లావియా ఇంకా ఒక్క దేశంగా ఉన్న రోజులవి. శవాన్ని చూసినప్పుడు ఏజెంట్ విటోమిర్‌కి ఏమీ అనిపించలేదు. ఈ మధ్య అతనికి ఏదీ అనిపించడం లేదు. గూఢచారి ఉద్యోగం మనిషిని మొద్దుబారుస్తుంది మరి.

మేజర్ ట్రాత్నిక్ బ్రీఫింగ్ రెండు ముక్కల్లో ముగించాడు. అణుశాస్త్రవేత్త ప్రొఫెసర్ రవ్నిక్‌ను ఓ పరాయి దేశపు ముఠా లేపేయబోతోంది. ఆయన ఇల్లు కదిలేది ఆదివారం మధ్యాహ్నం రికార్డు శ్రోతల సంఘానికి మాత్రమే. పళ్ల డాక్టర్ వేషంలో విటోమిర్ కూడా అక్కడ పాత సభ్యుడే.

"బాంబు ఆయన కారులో ఉందట. సిల్వా కబురు పంపింది."

"ఆవిణ్ని నమ్ముతున్నారా?"

"నాకేం పిచ్చా? కానీ వేరే దిక్కేదీ?"

సిల్వా రెండు వైపులా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్. కారంతా గాలించారు, ఏమీ దొరకలేదు. విటోమిర్ సంఘం హాల్లోకి వెళ్లేసరికి సిల్వా ముత్యాల హారంతో ముందు వరుసలో, ప్రొఫెసర్ పక్కనే మెరిసిపోతోంది. ఆ రోజు రికార్డు ఆవిడ కానుకే. అందులో ఆర్కెస్ట్రా నడిపింది బోగోమిల్ జుపాన్.

ఆ పేరు పొరుగూరికి కూడా తెలియదు. రాజధాని ఆర్కెస్ట్రాలు ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. పేరున్నవాళ్లు పరుగులు పెట్టించిన చోట జుపాన్ సంగీతాన్ని నిదానంగా ఊపిరి పీల్చుకోనిచ్చేవాడు. సంఘంలో అందరూ ఆయన భక్తులే. వాళ్లకు ఒకటే నియమం: రికార్డు ఒక పక్క పూర్తయ్యేదాకా ముల్లు ఎవరూ ముట్టుకోకూడదు. ఒకసారి పై కప్పు కారి నెత్తిన నీళ్లు పడుతున్నా కదల్లేదు మహానుభావులు.

మొదటి భాగం అయింది. నెమ్మదిగా సాగే రెండో భాగానికి ముందు జుపాన్ ఎడమ కాలు నేలకేసి కొట్టేవాడు. మళ్లీ వాయిస్తే టేపు దండగని కంపెనీ ఆ చప్పుడును అలాగే వదిలేసింది. భక్తులకు అదే ప్రాణం. హాలంతా ఆ చప్పుడు కోసం కాచుకుంది.

చప్పుడు రాలేదు. నేరుగా వయొలిన్లు మొదలయ్యాయి.

ఎవరో పాపం దాన్ని లోపమనుకుని తుడిచేశారు. అంటే ఇది నకిలీ రికార్డు. అచ్చువేసినవాడు నదిలో తేలాడు. మరి కొత్తగా ఏం ఎక్కించి ఉంటారు? సిల్వా చేతితొడుగులు వేసుకుని లేచి గబగబా తలుపు వైపు నడుస్తోంది.

విటోమిర్ ఒక్క అంగలో వెళ్లి ముల్లు ఎత్తేశాడు.

మరో రెండు గీతలు తిరిగుంటే రికార్డులోంచి సన్నటి ఈల వచ్చేది. దాన్ని వినగానే పేలే బాంబు స్పీకర్ పెట్టెలోనే ఉంది. మేజర్ మనుషులు సిల్వాను మెట్ల మీద పట్టుకున్నారు. ఎలా కనిపెట్టావని అడిగిందావిడ.

"మీవాళ్లు మరీ శుభ్రంగా తుడిచారు," అన్నాడు విటోమిర్.

లోపల ఆ సంగతి చెప్పే వీల్లేదు. అధ్యక్షురాలు లుద్విగా ముసలావిడ కళ్లెర్రజేసింది.

"జుపాన్ మధ్యలో ఉండగా ముల్లెత్తుతావా? సిగ్గులేదూ నీకు?"

సంఘం నుంచి వెలివేయాలా అని ఆవిడ అడగడం ఆలస్యం, మొట్టమొదట చెయ్యెత్తింది ప్రొఫెసర్ రవ్నిక్.

గుట్టుగా పతకం తగిలించినప్పుడు విటోమిర్‌కి ఏమీ అనిపించలేదు. ఆదివారం వచ్చేసరికి మాత్రం సంఘానికి వెళ్లలేక గుండె పిండేసినట్టయింది. బతికించినవాణ్నే తరిమేస్తారా అంటూ మేజర్ మండిపడ్డాడు.

"ముల్లెత్తాను కదండీ," అన్నాడు విటోమిర్. "నేనైనా చెయ్యెత్తేవాణ్నే."