చివరి బిళ్ళ అడగొచ్చు

"మీ హ్యాండ్ డెడ్ అండి."

కాత్యాయని నాతో అన్న మొదటి మాట అదే, నా ఆట చెల్లదని. శనివారం మధ్యాహ్నం, బయట వాన. నేను అప్పుడే గెలిచాననుకుని "మాజాంగ్" అంటూ గర్వంగా నా బిళ్ళలన్నీ తిప్పి చూపించాను.

"ఎందుకు డెడ్? జోకర్ పెట్టిన గదా," అన్నాను.

"జతలో జోకర్ పెట్టకూడదు. ఒకే రకం మూడో, అంతకన్నా ఎక్కువో ఉండే చోటే పెట్టాలి."

"రమ్మీల ఎక్కడన్నా పెడ్తం."

"అయితే రమ్మీ ఆడుకోండి."

విలియం అంకుల్ నవ్వు ఆపుకోవడానికి నోట్లో పకోడీ పెట్టుకున్నారు. ఆయన భార్య వసంతకుమారి ఆంటీ అమెరికాలో ఇరవై ఏళ్ళు నర్సుగా చేసి, అక్కడి మాజాంగ్ అనే ఈ బిళ్ళల ఆటని పెట్టెతో సహా ఇక్కడికి, వెస్ట్‌మీడ్‌కి తెచ్చుకున్నారు. ఆటకి నలుగురు కావాలి. కాత్యాయని, ఆంటీ పనిచేసే హాస్పిటల్లోనే ఫిజియో. నేను కింది ఫ్లాట్‌వాణ్ణి.

మరుసటి వారం నాకు పాఠం మొదలైంది.

"గెలిచే హ్యాండ్స్ అన్నీ ఈ కార్డులోనే ఉంటాయి. పద్నాలుగు బిళ్ళలూ అచ్చం ఇలాగే రావాలి. పక్కన ఎక్స్ అక్షరం ఉంటే వేరేవాళ్ళు పారేసింది అడిగి తీసుకోవచ్చు. సి ఉంటే అడక్కూడదు, చూపించకూడదు."

ఆ తర్వాత ఇంకేదో చెప్పింది. అప్పటికి నేను ఆమె జుంకా ఊగడం చూస్తున్నాను.

మూడు నెలలు శనివారాల కోసమే బతికాను. అప్పుడొక శనివారం బిళ్ళలు పేరుస్తూ చెప్పింది.

"దేశానికి ఆ చివర, పర్త్‌లో జాబ్ వచ్చింది. హారిస్‌డేల్‌లో క్లినిక్. వస్తానో రానో ఇవాళ ఐదింటిలోగా మెయిల్ పెట్టమన్నారు."

నా వైపే చూసింది.

"కంగ్రాట్స్ అండి," అన్నాను. దానికి నా నాలుకను నేనింకా క్షమించలేదు.

ఆ రోజు నాకు సి హ్యాండ్ కుదిరింది. ఎర్ర డ్రాగన్ బిళ్ళ ఒక్కటి వస్తే గెలుపు. విలియం అంకుల్ సరిగ్గా దాన్నే పారేశారు. పళ్ళు బిగించుకుని ఊరుకున్నాను. ఎవరూ గెలవకుండానే ఆట అయిపోయింది.

కాత్యాయని నా బిళ్ళల వైపు వంగింది.

"ఎర్ర డ్రాగన్ కోసమేనా ఆగారు? అంకుల్ వేశారు కదా. ఎందుకు అడగలేదు?"

"సి గదా. అడగొద్దని మీరే అన్నరు."

"చివరిది తప్ప అన్నాను. గెలిపించే చివరి బిళ్ళ ఒక్కటీ అడగొచ్చు. వినలేదా?"

"అప్పుడు... మీ జుంకాలు చూస్తున్న."



"బాబూ విఠల్," అన్నారు ఆంటీ మెల్లగా, "అడక్కుండా ఇంకెన్ని వదిలేస్తావు? టైమ్ నాలుగూ యాభై."



"కాత్యాయని గారూ, పర్త్ పోకండి."

"ఎందుకు?"

"నాకు మీరంటే ఇష్టం. మిమ్మల్ని పెండ్లి చేసుకోవాలని ఉంది."

ఆమె ఫోన్ తీసి నా ముందు పెట్టింది. "రానండి, థాంక్యూ" అని మెయిల్. వెళ్ళిన టైమ్ పొద్దున తొమ్మిదీ పది.

"పొద్దుననే పంపిన్రా?"

"మీరేమంటారో చూద్దామనుకున్నాను. కంగ్రాట్స్ అన్నప్పుడు బల్ల తిరగేద్దామనిపించింది."

"నేను అడగకపోతే?"

"పర్త్ వెళ్ళేదాన్ని కాదు. శనివారాలు మాత్రం మానేసేదాన్ని."

ఊపిరి పీల్చుకోవడానికి నాకు రెండు గ్లాసుల నీళ్ళు పట్టాయి. అంకుల్ పకోడీల పళ్ళెం మొత్తం నా వైపు జరిపారు.

మా పెళ్ళై ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. నిన్న ఈ ఏడాది కొత్త కార్డు పోస్టులో వచ్చింది. హ్యాండ్స్ అన్నీ మారిపోయాయి, మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. నాకెంత సంతోషమో.

కాత్యాయని కార్డు విప్పింది. నన్నొకసారి చూసింది. జుంకాలు రెండూ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు వినండి," అంది.